తీగకు గొంతు వచ్చిన కథ

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి పాలకొల్లు దగ్గిర పల్లెటూరి నుంచి వచ్చింది. ఏడో తరగతి చదివే కుర్రవాడు రాశాడు. పేరు వేయవద్దని కోరాడు కనక వేయటం లేదు. ఉత్తరం మటుకు ఉన్నదున్నట్టుగా ఇస్తున్నాను:

"మామయ్యగారికి నమస్కారాలు. మా అన్నయ్య కాకినాడలో ఇంజనీరింగు చదువుతున్నాడు. మొన్న సంక్రాంతికి వస్తూ ఒక ఎలెక్ట్రిక్ గిటారూ, దానికి తగిలించే పెట్టే తెచ్చాడు. భోగినాటి సాయంత్రం పెరటి వసారాలో కూచుని వాయించాడు. రాక్ సంగీతమట. మా తాతగారు ఒకప్పుడు నాటకాల్లో కృష్ణుడి వేషం వేసి పద్యాలు పాడినవారు. ఆయన బయటికి వచ్చి, 'ఒరే, రేకుల షెడ్డు మీద కొబ్బరికాయలు రాలుతున్నాయనుకున్నానురా!' అన్నారు. అన్నయ్యకు రోషం వచ్చి, 'మీకు తెలియదండి తాతగారూ, ప్రపంచమంతా ఇదే వింటున్నది' అన్నాడు. అప్పటినుంచీ ఇద్దరికీ మాటలు లేవు. అన్నయ్య గిటారు అమ్మేస్తానంటున్నాడు. కొనేవాడు కూడా దొరికాడట. అసలు రాక్ సంగీతం అంటే ఏమిటండి? అందులో మెటలనీ, పంకనీ ఇన్ని రకాలు ఎందుకున్నాయి? వీళ్ళిద్దరిలో ఎవరి మాట నిజం?"

నాయనా, ముందు ఆ కొనేవాణ్ణి ఒక నెల ఆగమను. తాతగారికీ, అన్నయ్యకూ మధ్య తీర్పు చెప్పటం నా వల్ల అయ్యే పని కాదు. కాని కథ చెబుతాను. ఈ కథ అమెరికాలో మొదలవుతుంది, కాని చివరికి మీ ఊరినుంచి సైకిలు మీద వెళ్ళగలిగినంత దూరానికి వస్తుంది.

అమెరికాలో మిసిసిపి అని పెద్ద నది ఉన్నది. దానికీ, యాజూ అనే ఉపనదికీ మధ్య ఉన్న పల్లపు నేలను అక్కడి వాళ్ళు "డెల్టా" అంటారు. నిజానికి అది నది సముద్రంలో కలిసే చోటు కాదు. మన గోదావరి డెల్టా వంటిది కాదన్నమాట. అయినా చూడటానికి మన నేల లాగే ఉంటుంది. బల్లపరుపు భూమి, నల్లటి ఒండ్రు, వరద వస్తే ఊళ్ళు మునగకుండా పొడుగునా ఏటిగట్లు. మనకు అక్కడ వరి, వాళ్ళకు పత్తి. ఆ పత్తి చేలల్లో పని చేసినవారు ఆఫ్రికానుంచి బానిసలుగా తెచ్చిన నల్లజాతి వారి సంతతి. 1865లో బానిసత్వం చట్టప్రకారం పోయింది గాని, వారి బతుకు పెద్దగా మారలేదు. పొలం దొరది, అప్పు వీళ్ళది.

వాళ్ళు పగలు పత్తి ఏరి, రాత్రి గిటారు పట్టుకుని తమ కష్టసుఖాలు పాడుకునేవారు. ఆ పాటలకు "బ్లూస్" అని పేరు వచ్చింది. ఒక చరణం పాడటం, ఆ చరణాన్నే మళ్ళీ పాడటం, మూడో చరణంలో దానికి జవాబు చెప్పటం. మధ్య మధ్య గిటారు కూడా మాట్లాడుతుంది.

ఆ పల్లెల్లో పెరిగిన ఒక పిల్లవాడికి బురదనీళ్ళలో ఆడటమంటే మహా సరదా. వాళ్ళ అమ్మమ్మ వాణ్ణి "మడ్డీ" అనేది, అంటే బురదోడు అని. తరవాత అందరూ "మడ్డీ వాటర్స్" అన్నారు. కాలవల్లో పడి ఈదే మీకు ఆ పేరు అర్థం చేసుకోవటం కష్టం కాదు. అసలు పేరు మెకిన్లీ మార్గన్‌ఫీల్డ్ అయినా లోకం అతన్ని బురదనీళ్ళ పేరుతోనే గుర్తుపెట్టుకున్నది.

మడ్డీ వాటర్స్ 1943లో పొలం వదిలి షికాగో నగరం చేరాడు. పగలు కూలిపని చేసి, రాత్రి సారా దుకాణాల్లో పాడేవాడు. అక్కడ ఒక చిక్కు వచ్చింది. పల్లెటూరి అరుగు మీద చక్కగా వినిపించిన గిటారు, షికాగో దుకాణంలో గ్లాసుల చప్పుడూ, మనుషుల కేకలూ, వీధిలో ట్రాముల రొదా దాటి ఎవరికీ వినపడలేదు. అతను ఎలెక్ట్రిక్ గిటారు పట్టుకున్నాడు. సరదా కోసం కాదు, గత్యంతరం లేక.

ఈ ఎలెక్ట్రిక్ గిటారు ఎల్లా పలుకుతుందో చూద్దాం. ముందు మీ బడిలో ఒక పని చేయండి. బల్లకు రెండు మేకులు కొట్టి (మేస్టారిని అడిగి కొట్టండి), వాటి మధ్య సన్నని ఉక్కుతీగ బిగించి మీటండి. చప్పుడు చాలా చిన్నది. ఇప్పుడు చెవి బల్లకు ఆనించి మీటండి. ఎంత పెద్దగా వినిపిస్తుంది! తీగ సన్నది, గాలిని ఎక్కువగా కదిలించలేదు. బల్ల వెడల్పయినది, కనక తీగ కంపనాన్ని తీసుకుని అది పెద్దగా కంపిస్తుంది. వీణకు కుండా, గిటారుకు పెట్టే ఉన్నది ఇందుకే.

కాని ఇందులో ఒక మెలిక ఉన్నది. తీగకు మీరు ఇచ్చిన బలం కొంచెమే. దాన్ని పెట్టె తొందరగా లాగేసుకుంటే శబ్దం గట్టిగా వస్తుంది, కాని తొందరగా అయిపోతుంది. నెమ్మదిగా లాగితే శబ్దం చిన్నదవుతుంది, కాని చాలాసేపు నిలుస్తుంది. గట్టిగానూ కావాలి, చాలాసేపూ కావాలి అంటే కుదరదు. జీతం రాగానే ఖర్చుపెట్టేస్తే నెలాఖరుకు ఏం మిగులుతుంది? తరతరాలుగా వాయిద్యాలు చేసేవారంతా ఈ రెండింటి మధ్యే నలిగారు.

ఈ మెలిక విప్పినది విద్యుచ్ఛక్తి. 1831లో ఫారడే అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఒక సంగతి కనిపెట్టాడు. రాగితీగ చుట్ట దగ్గిర అయస్కాంతం కదిలితే ఆ చుట్టలో కరెంటు పుడుతుంది. సరిగా నూరేళ్ళ తరవాత, 1931లో, లాస్ ఏంజిలిస్‌లో జార్జి బోషాం అనే గిటారు వాద్యగాడూ, ఆడాల్ఫ్ రికెన్‌బాకర్ అనే పనిముట్ల తయారీదారూ కలిసి దీన్ని గిటారుకు పెట్టారు. తీగల దగ్గిర అయస్కాంతమూ, దానితో తలవెంట్రుకంత సన్నని రాగితీగను కొన్నివేల చుట్లు చుట్టిన చుట్టా అమర్చారు. పైన ఉక్కుతీగ కంపించగానే అయస్కాంత క్షేత్రం ఊగుతుంది. అది ఊగితే చుట్టలో కరెంటు ఊగుతుంది. తీగ సెకనుకు 440 సార్లు ఊగితే కరెంటూ 440 సార్లే ఊగుతుంది. ఆ కొద్దిపాటి కరెంటును యాంప్లిఫయరు ఎన్నో రెట్లు పెంచి స్పీకరుకు ఇస్తుంది. ఆ మొదటి గిటారు గుండ్రటి చిన్న ఒళ్ళూ, పొడుగాటి కాడా ఉండి పెనంలా కనిపించేది. జనం దానికి "వేపుడు పెనం" అనే పేరు పెట్టారు.

ఒక విశేషం గమనించండి. ఈ చుట్టకు చెవులు లేవు. మీరు దాని ముందు నిలబడి ఎంత అరిచినా దానికి పట్టదు. ఇనుము కదిలితేనే దానికి తెలుస్తుంది. అందుకే నైలాను తీగ వేస్తే ఈ గిటారు మూగబోతుంది.

ఇక పెట్టెతో పని లేదు గదా! శబ్దం పెంచే పని కరెంటు చేస్తుంది. పైగా డొల్లపెట్టె ఉంటే స్పీకరు శబ్దానికి అది మళ్ళీ కంపించి, పెళ్ళిళ్ళలో మైకు "కూ" మని కేక వేసినట్టు కేక వేస్తుంది. అందుకని 1950 ప్రాంతాన లియో ఫెండర్ అనే ఆయన చెక్క దిమ్మతోనే గిటారు చేసి అమ్మసాగాడు. దిమ్మ తీగ బలాన్ని లాగదు. స్వరం చాలాసేపు నిలుస్తుంది. కావలసినంత గట్టిగానూ వినిపిస్తుంది. తీగకు గొంతు వచ్చింది.

ఆ గొంతుతో 1950 తరవాత పుట్టినదే రాక్ సంగీతం. మొదట "రాక్ అండ్ రోల్" అనేవారు. రాక్ అంటే రాయి అనుకునేరు! ఇక్కడ ఆ మాటకు ఊగటమని అర్థం. ఓడ అలల మీద అటూ ఇటూ ఊగటాన్ని నావికులు ఈ మాటలతోనే చెప్పేవారు. బ్లూస్ పాటల నడక వేగం చేసి, గుడి పాటల ఉత్సాహం చేర్చి, ఎలెక్ట్రిక్ గిటారూ డ్రమ్ములూ కలిపితే వినేవాళ్ళు నిజంగానే ఊగారు. చర్చి పాటలకు ఎలెక్ట్రిక్ గిటారు వాయించిన సిస్టర్ రొజెట్టా థార్ప్ అనే ఆవిడ ఈ పని అందరికన్న ముందే, 1940 ప్రాంతాలలోనే చేసింది. తరవాత చక్ బెరీ వచ్చి గిటారు చేతనే కథ చెప్పించాడు. అతను 1958లో ఇచ్చిన పాట ఒకటి ఇప్పుడెక్కడ ఉన్నదో తెలుసునా? 1977లో అమెరికా వాళ్ళు వాయేజరు నౌకలు రెండింటిని గ్రహాలు దాటి పంపారు. వాటిలో భూలోకపు శబ్దాలు నింపిన బంగారుపూత రికార్డు పెట్టారు. అందులో చక్ బెరీ పాట ఉన్నది, మన కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి కూడా ఉన్నది. ఇద్దరూ ఒకే పళ్ళెం మీద కూచుని నక్షత్రాల మధ్యకు వెళ్ళిపోయారు.

ఇక్కడ చెప్పక తప్పని అన్యాయం ఒకటి ఉన్నది. "బిగ్ మామా" థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని 1952లో ఒక పాట రికార్డు ఇచ్చింది. 1956లో అదే పాటను ఎల్విస్ ప్రెస్లీ అనే తెల్ల కుర్రవాడు పాడితే లక్షల కొద్దీ రికార్డులు అమ్ముడుపోయాయి. ప్రెస్లీ గొప్పగా పాడాడు, కాదనను. కాని థార్న్‌టన్‌కు తన రికార్డు మీద వచ్చింది ఒకే ఒక చెక్కు, 500 డాలర్లు అని ఆవిడ తరవాత చెప్పుకున్నది. విత్తనం వేసినవాడు ఒకడు, కుప్ప నూర్చుకున్నవాడు మరొకడు. రాక్ సంగీతాన్ని పొగిడేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతే నాకు బాగుండదు.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న: ఇన్ని రకాలు ఎందుకు? ధవళేశ్వరం దగ్గిర నిలబడి చూస్తే గోదావరి ఒక్కటే. దిగువకు పోతే గౌతమి, వశిష్ఠ. గన్నవరం దగ్గిర వశిష్ఠనుంచి వైనతేయ విడిపోతుంది. నీరు ఎక్కడ దారి దొరికితే అక్కడికి పోతుంది. రాక్ సంగీతమూ అల్లాగే పాయలు చీలింది. కాని ఒక్కొక్క పాయ ఎందుకు చీలిందో చూస్తే తమాషాగా ఉంటుంది. చాలాసార్లు ఏదో ఒకటి చెడిపోయినందువల్లనే!

1951లో ఐక్ టర్నరు బృందం రికార్డు ఇవ్వటానికి మెంఫిస్ నగరం పోతుంటే దారిలో వాళ్ళ యాంప్లిఫయరు దెబ్బ తిన్నది. వేరేది లేక, చిరిగిన స్పీకరులో కాగితాలు కుక్కి వాయించారని చెబుతారు. గిటారు బొంగురుగా పలికింది. విన్నవారికి ఆ బొంగురే నచ్చింది! 1964లో లండనులో డేవ్ డేవీస్ అనే కుర్రవాడు అదే శబ్దం కోసం తన స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోశాడు. (మీరు కోయకండి. మీ నాన్నగారి చేత నన్ను తిట్టించకండి.)

ఈ బొంగురు వెనక శాస్త్రం ఉన్నది. యాంప్లిఫయరు తన శక్తి మేరకే శబ్దం పెంచగలదు. అంతకు మించి పెంచమంటే, గుండ్రంగా రావలసిన అలల తలలు తెగిపోతాయి, కత్తితో తల చెక్కిన కొబ్బరిబొండాల్లాగా. అల్లా తెగిన అలలో అసలు స్వరంతో పాటు లేని తోడుస్వరాలు ఎన్నో పుట్టుకొస్తాయి. అదే గరగర. మీ తాతగారికి కొబ్బరికాయలు రాలినట్టు వినిపించటంలో తప్పేమీ లేదు, ఆయన విన్నది నిజంగానే తలలు తెగిన శబ్దం.

ఇంతకన్న విచిత్రమైనది "హెవీ మెటల్" పుట్టుక. ఇంగ్లండులో బర్మింగ్‌హాం ఇనుప కర్మాగారాల ఊరు. అక్కడ టోనీ అయోమీ అనే పదిహేడేళ్ళ కుర్రవాడు రేకులు కోసే మిషను మీద పని చేసేవాడు. 1965లో, పని మానేసి సంగీతంలోకి పోదామనుకున్న ఆఖరు రోజున, మిషనులో పడి అతని కుడిచేతి నడిమివేలూ, ఉంగరంవేలూ చివళ్ళు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం, కనక తీగలు నొక్కే చెయ్యి అదే. ఇక గిటారు మాట మరిచిపోమన్నారు. అప్పుడు కర్మాగారంలో అతని పై మేస్త్రీ ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. విని బాగుందన్నాక, "ఇది వాయించిన జాంగో రైన్‌హార్ట్‌కు ఎడమచేతిలో సరిగా పనిచేసేవి రెండే వేళ్ళు" అని చెప్పాడు. అయోమీ ఇంటికి పోయి ప్లాస్టిక్ సీసా కరగబెట్టి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, వాటికి తోలు అంటించాడు. బిరుసు తీగలు నొక్కలేక సన్నవి వేశాడు. తరవాత తీగలు వదులు చేసి శ్రుతి దించాడు. శ్రుతి దిగితే శబ్దం బరువైంది. 1970లో అతని బృందం "బ్లాక్ సాబత్" ఇచ్చిన రికార్డులతో ఒక పాయే ఏర్పడింది.

మిగతా పాయలు త్వరగా చెబుతాను. బీటిల్స్ బృందం 1965లో సితారు తెచ్చి పాటలో కలిపింది. కొందరు సంగీతం బాగా చదువుకుని ఇరవై నిమిషాల పాటలు కట్టారు, అది "ప్రోగ్రెసివ్". అది విని విసుగెత్తిన కుర్రకారు, "ఇంత చదువెందుకు, మూడు స్వరమేళాలు వస్తే చాలు" అని 1974, 76 మధ్య "పంక్" మొదలుపెట్టారు. పంకునూ మెటలునూ కలిపి 1990 ప్రాంతంలో సియాటిల్ కుర్రవాళ్ళు "గ్రంజ్" అన్నారు. ఇంకా ఉన్నాయి గాని, పేర్ల పట్టీ బట్టీ పట్టి లాభం లేదు.

పెద్దవాళ్ళు కోప్పడటం కూడా మీ ఇంట్లోనే మొదలు కాలేదు. 1965 జూలైలో న్యూపోర్టు జానపద సంగీతోత్సవానికి బాబ్ డిలన్ ఎలెక్ట్రిక్ గిటారుతో వస్తే, నిన్నటిదాకా అతన్ని నెత్తిన పెట్టుకున్నవారిలోనే కొందరు కేకలు వేసి గోల చేశారు.

మన దేశానికి వద్దాం. 1940లో ఆలిండియా రేడియో హార్మనీ పెట్టెను వద్దని వెలివేసింది. 1971 దాకా ఆ నిషేధం పూర్తిగా సాగింది. తాతగారి నాటకాల్లో హార్మనీ లేనిదే పద్యం లేదు గదా, ఈ మాట ఆయనతో అని చూడు! కాని ఆ అభ్యంతరం ఒట్టి మూర్ఖత్వం కాదు. మన సంగీతంలో స్వరం నిలబడి ఉండదు. ఊగుతుంది, జారుతుంది, పక్క స్వరాన్ని తాకి వస్తుంది. దాన్నే గమకమంటాం. హార్మనీ మెట్టు నొక్కితే ఆ స్వరమే పలుకుతుంది, ఊగదు. వీణ మీద తీగను పక్కకు లాగి గమకం పలికిస్తారు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రిగారూ, కాకినాడలో పుట్టిన ఆయన శిష్యులు చిట్టిబాబుగారూ అల్లా తీగ లాగే వీణకు మాటలు నేర్పారు. చిట్టిబాబుగారి వీణ మీద కోయిల కూసేది. మజా ఏమిటంటే, బ్లూస్ వాళ్ళూ, రాక్ వాళ్ళూ గిటారు తీగను అల్లాగే పక్కకు లాగి స్వరాన్ని ఏడిపిస్తారు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నది కాదు.

అసలు కథ ఇప్పుడు వస్తున్నది. 1969 ఫిబ్రవరి 28న మీ పాలకొల్లులో శ్రీనివాస్ అనే పిల్లవాడు పుట్టాడు. తండ్రి ఉప్పలపు సత్యనారాయణగారు సంగీతం తెలిసినవారు. ఇంట్లో ఒక మాండలిన్ ఉండేది. ఆరేళ్ళప్పుడు పిల్లవాడు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. మళ్ళీ దించలేదు.

మాండలిన్ ఇటలీ వాయిద్యం. చిన్న పెట్టె, నాలుగు జతల తీగలు. పిచ్చుక కూసినట్టు పలికి వెంటనే ఆగిపోతుంది. ఎందుకో మీకిప్పుడు తెలుసు: చిన్న పెట్టె, పొట్టి తీగ, ఉన్న బలం చిటికెలో ఖర్చయిపోతుంది. అందుకే ఇటలీ వాళ్ళు ఒకే స్వరాన్ని గబగబా మళ్ళీ మళ్ళీ మీటుతూ పొడిగిస్తారు. మన సంగీతానికి అది పనికిరాదు. స్వరం బతికి ఉంటేనే గదా దాన్ని ఊపటం! పైగా జంట తీగలను లాగితే రెండూ సమంగా లాగబడవు, శ్రుతి చెడుతుంది. కర్ణాటక సంగీతం మాండలిన్ మీద పలకదని అందరూ అనుకోవటంలో వింత లేదు.

తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారు పిల్లవాణ్ణి చూశారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. కాని ఆయనకు మాండలిన్ వాయించటం రాదు! వాద్యం రాని గురువు వాద్యం ఎల్లా నేర్పుతాడు? ఆయన పాడేవారు. పిల్లవాడు విని, అదే తీగ మీద పలికించేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవారు లేరు కనక, గొంతు ఎక్కడికి పోతే వేలు అక్కడికి దారి వెతుక్కున్నది. వాద్యం తెలిసిన గురువు దొరికి ఉంటే, "ఇది దీని మీద రాదు" అని మొదటిరోజునే చెప్పి ఉండేవాడేమోనని నాకు అనుమానం.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాలలో ఆ పిల్లవాడు మొదటి కచేరీ చేశాడు. తరవాత కుటుంబం మద్రాసు చేరింది. 1981 డిసెంబరులో అక్కడ సంగీతపు సీజనులో వాయించేనాటికి పన్నెండేళ్ళు. అతని చేతిలో ఉన్నది మామూలు మాండలిన్ కాదు. డొల్లపెట్టె తీసేసి దిమ్మ వాద్యం చేయించుకున్నాడు. జంట తీగలు పోయి ఒంటి తీగలు వచ్చాయి, కింది స్వరాల కోసం అయిదో తీగ చేరింది. తీగల కింద అయస్కాంతమూ, రాగిచుట్టా.

చూశావా, నాయనా? మీ అన్నయ్య గిటారులో ఉన్నది ఏదో, ఆ పిల్లవాడి మాండలిన్‌లోనూ అదే. షికాగోలో అది రొదను దాటటానికి పనికివచ్చింది. బర్మింగ్‌హాంలో గర్జించటానికి పనికివచ్చింది. పాలకొల్లు పిల్లవాడికి గర్జన అక్కర్లేదు. అతనికి కావలసినది స్వరం చావకుండా ఇంకొంచెం సేపు ఉండటం. ఆ కొద్దిసేపటిలో వేలు జారుతుంది, తీగ ఊగుతుంది, గమకం పలుకుతుంది. వైణికుడి బిడ్డా, వేపుడు పెనం బిడ్డా ఒక్కరే అయినట్టున్నది.

ఇటాలియన్ వాద్యమనీ, కరెంటు వాద్యమనీ పెదవి విరిచినవారు లేకపోలేదు. వయొలిన్ కూడా పడమటి దేశాలదే, రెండువందల ఏళ్ళ కిందట ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతానికి పట్టుకున్నారు. ఇవాళ వయొలిన్ లేని కచేరీ ఏది?

1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో, జాజ్ కోసం వచ్చిన జనం ముందు, పద్నాలుగేళ్ళ శ్రీనివాస్ త్యాగరాజస్వామి సంగీతం వాయించి మెప్పించాడు. 1995లో కెనడా గిటారు వాద్యగాడు మైకేల్ బ్రూక్‌తో కలిసి రికార్డు ఇచ్చాడు. ఆ తరవాత జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిశాడు. ఈయన యార్క్‌షైరులో పుట్టిన ఇంగ్లీషు గిటారు వాద్యగాడు. 1971లో "మహావిష్ణు ఆర్కెస్ట్రా" పెట్టి జాజ్‌నూ రాక్‌నూ కలిపిన పాయకు పెద్దలలో ఒకడయ్యాడు. అంతటి గర్జన చేసినవాడు, తరవాత కూచుని డాక్టర్ ఎస్. రామనాథన్‌గారి దగ్గిర వీణ నేర్చుకున్నాడు. గమకం పలకటానికి గిటారు మెట్ల మధ్య చెక్కను తవ్వించి, వీణలాగా తీగ లాగటానికి వీలు చేయించుకున్నాడు. గిటారువాడు వీణ వైపు నడిచాడు, పాలకొల్లువాడు గిటారు వైపు నడిచాడు. జాకీర్ హుస్సేన్ తబలాతో "రిమెంబర్ శక్తి" అనే బృందంలో ఇద్దరూ కలిశారు. 2001లో వెలువడిన వారి ముంబయి కచేరీ రికార్డు దొరికితే మీ అన్నయ్యను వినమను.

1998లో శ్రీనివాస్‌కు పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్ళకే, చెన్నైలో కన్నుమూశాడు. తమ్ముడు రాజేష్ కూడా మాండలిన్ విద్వాంసుడే.

ఇక మీ ఇంటి సంగతి. తాతగారి చెవులకు సంబంధించి ఒక లెక్క ఉన్నది, అన్నయ్యకు చూపించు. శబ్దాన్ని డెసిబెళ్ళలో కొలుస్తారు. 85 డెసిబెళ్ళ శబ్దం రోజుకు ఎనిమిది గంటలు మించి వింటే చెవికి చేటు. ప్రతి మూడు డెసిబెళ్ళకూ ఆ వ్యవధి సగానికి తగ్గుతుంది. 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండు. 100 అయితే పావుగంటే! లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలు ఒకసారి చస్తే మళ్ళీ మొలవవు. ఊరేగింపులో పెద్ద స్పీకర్ల ముందు గంతులేసే మీ అందరికీ ఈ లెక్క వర్తిస్తుంది. వసారాలో పెట్టె మీద మీట సగానికి దించి వాయిస్తే రాక్ సంగీతానికి వచ్చే నష్టమేమీ లేదు.

ఆ తరవాత, తాతగారు భోజనం చేసి పడకకుర్చీలో కూచున్న వేళ చూసి, ఆయన చేత ఒక్క పద్యం పాడించు. పద్యం చివర రాగం తీస్తారే, అది నెమ్మదిగా, రెండు మూడుసార్లు. అన్నయ్యను పక్కన గిటారు పెట్టుకుని కూచోమను. చూపించమని తాతగారిని అడగవద్దు, ఆయనకు గిటారు రాదు. అన్నయ్య విని వాయించాలి, అంతే. తీగను పక్కకు లాగటం అతనికి వచ్చే ఉంటుంది. ఏ స్వరం దగ్గిర చెయ్యి ఆగిపోయిందో, తాతగారు ఏమన్నారో, ఒక కార్డు మీద రాసి పంపు.